అంతరిక్షంలో స్టేషన్ మాస్టర్

కొండల్ రావుగారికి ఉన్నది ఒకే ఒక్క పట్టింపు. అశుభం మాట ఆయన నోట రాదు.

ఆ మాటకొస్తే మనలో ఎవరం మాత్రం బియ్యం అయిపోయాయంటాం? నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందంటాం. అక్కడితో మన భక్తి సరి. కొండల్ రావుగారి భక్తి అక్కడ మొదలయ్యేది. లేదు, కాదు, పోయింది, విరిగింది, చెడింది లాంటి మాటలన్నిటినీ ఆయన చిన్నప్పుడే నోట్లోంచి వెళ్ళగొట్టేశారు. పోనీ ఏ పూలకొట్టో పెట్టుకుని బతికారా అంటే అదీ లేదు. కాజీపేట జంక్షన్లో ఎంక్వయిరీ కిటికీ వెనక ఉద్యోగం. పొద్దున లేస్తే బండి లేటనీ, బండి రద్దనీ, బండి వెళ్ళిపోయిందనీ చెప్పడమే పని. ఆయన్ని ఏరి కోరి ఆ కుర్చీలో కూర్చోబెట్టిన అధికారి ఎవరో గానీ మహా చమత్కారి అయి ఉండాలి.

"సార్, మద్రాసు బండి పోయిందా?" అంటూ ఓ ప్రయాణికుడు రొప్పుకుంటూ వచ్చి కిటికీ మీద పడతాడు.

"ముందు దమ్ము తీసుకోండి. మంచినీళ్ళు తాగుతరా?"

"బండి సంగతి చెప్పండి సార్!"

"బండికేమయ్యా, క్షేమంగ ఉన్నది. ఇంతల మహబూబాబాద్ దాటుతుంటది."

నల్లబల్ల మీద "రద్దు" అని రాయడానికి చెయ్యి రాక, "ఈ రోజు ఈ బండికి విశ్రాంతి" అని రాసేవారు. జనం పాపం ఆ బండి విశ్రాంతి ముగిసేదాకా ప్లాట్‌ఫాం మీద దుప్పట్లు పరుచుకుని పడుకునేవారు.

ఇంటి విషయాల్లోనూ అదే వరస. కూతురు జయంతికి వచ్చిన మొదటి సంబంధం ఆయనకు నచ్చలేదు. ఆ ముక్క చెప్పి రావడానికి స్వయంగా హనుమకొండ వెళ్ళారు. చెప్పే వచ్చారు కూడా. మర్నాడు పెళ్ళికొడుకు తండ్రి స్వీట్ల డబ్బాతో దిగి, "ముహూర్తం మీ ఇష్టం బావగారూ" అన్నాడు. రెండో సంబంధం దామోదర్‌ది. "మీలాంటి పిల్లగాడు దొరకడం ఎవరికైనా అదృష్టమే" అని కొండల్ రావుగారు అతని చెయ్యి పట్టుకుని చెప్పారు. పెళ్ళయి, అమెరికా వచ్చి, కాపురం పాతబడ్డాక కూడా, ఆ రోజు ఆయన తనని ఒప్పుకున్నారో వద్దన్నారో దామోదర్‌కి పూర్తిగా తేలలేదు.

దామోదర్‌కి ఉన్నది సరిగ్గా వ్యతిరేకమైన జబ్బు. ఎక్కడ మాటలు అరిగిపోతాయో అన్నట్టు బతికే మనిషి. అమెరికా చేరగానే భార్యకు రాసిన మొదటి ఉత్తరం మొత్తం ఇదీ: "చేరాను. చలి. దామోదర్." జయంతి దాన్ని ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చదివి వినిపిస్తుంది. చదవడానికి ఎంతోసేపు పట్టదు కాబట్టి ఎవరూ విసుక్కోరు.

అలాంటివాడు జనానికి కథ చెప్పే ఆటొకటి తయారు చెయ్యడానికి పూనుకున్నాడు.

అది పంతొమ్మిది వందల ఎనభై మూడు. డెట్రాయిట్ శివార్లలో నోవై అనే ఊళ్ళో కాపురం. పగలంతా కార్ల కంపెనీ కంప్యూటర్ల ముందు, సాయంత్రమంతా ఇంట్లో కంప్యూటర్ ముందు. పక్కనే సౌత్‌ఫీల్డ్‌లో ఓ చిన్న కంపెనీ ఫోన్ లైన్ల మీద వాతావరణం, వార్తలు, వంటలు ఇంటింటికీ అందించేది. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళు ఫోన్ రిసీవర్‌ని మోడెం అనే పెట్టెలోని రబ్బరు గుంటల్లో బోర్లా పడుకోబెడితే చాలు, కంపెనీ వారి పెద్ద కంప్యూటర్ పంపే అక్షరాలు ఒకటొకటిగా తెర మీదికి దిగేవి. దామోదర్ ఆట కూడా అందులోనే ఉండేది. పేరు "నైన్ స్టేషన్స్". ఊరూరి నుంచీ జనం ఫోన్ కలుపుకుని వచ్చి, తలో అంతరిక్ష నౌకా తీసుకుని, తొమ్మిది స్పేస్ స్టేషన్ల మధ్య సరుకులు మోసుకుంటూ, దొంగలతో పోట్లాడుతూ, ఒకరికొకరు కబుర్లు పంపుకునేవారు. తొమ్మిది అనే అంకెని సైంటిఫిక్‌గా లెక్కగట్టి తేల్చానని దామోదర్ చెప్పేవాడు. నవగ్రహాల నుంచి కొట్టేశాడని జయంతికి తెలుసు.

ఆ ఆటలో బొమ్మల్లేవు. నక్షత్రమైనా, శత్రువైనా, చావైనా అన్నీ మాటల్లోనే చెప్పాలి. ఆ మాటలు రాసింది దామోదర్. "స్టేషన్ నాలుగు. ఇంధనం ఉంది." "దొంగలు. ముందు." "ఇంధనం సున్నా." ఆఖర్న, "నౌక ధ్వంసం. మీరు చచ్చారు." విశ్వం మొత్తాన్ని అతను టెలిగ్రాం భాషలో రాసి పెట్టాడు.

"కొంచెం కథ చెప్పొచ్చు కదండీ" అంది జయంతి.

"జనం ఆడటానికొస్తారు. చదవడానికి కాదు" అన్నాడు దామోదర్ గర్వంగా. అతని జీవితంలో అంత పొడుగు ప్రసంగం అరుదు.

ఆ కంపెనీ మేనేజర్ గ్లోరియా అతన్ని పిలిచి మర్యాదగానే చెప్పింది. "మీ గేమ్‌లోకి వస్తున్నారు, చస్తున్నారు, పోతున్నారు. ఒకసారి చచ్చినవాళ్ళు మళ్ళీ రావట్లేదు. వసంతం దాకా చూస్తాను దామోదర్. అప్పటికీ జనం నిలవకపోతే మీ గేమ్ తీసేసి, ఆ చోటు వంటలకి ఇచ్చేస్తాను."

దామోదర్ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఆఫీసులో అతను కార్ల విడిభాగాల నంబర్లు సరిచూసే గుమాస్తా లాంటివాడు. ఈ ఆటలో మాత్రమే సృష్టికర్త. రెండేళ్ళు కళ్ళు కాయలు కాసేలా కూర్చుని సృష్టించిన విశ్వం పంప్‌కిన్ పై అనే గుమ్మడికాయ వంటకం ముందు ఓడిపోతుందంటే ఏ సృష్టికర్తకి మాత్రం ముద్ద దిగుతుంది?

సరిగ్గా ఆ సమయంలో, రిటైరైన కొండల్ రావుగారు ఆరు నెలలు ఉండి వెళ్దామని నోవైలో దిగారు. భార్య రాజేశ్వరమ్మ చలికి జంకి పెద్దకూతురి దగ్గర ఉండిపోయింది. వచ్చిన వారానికే మంచు పడింది. ఒక పొద్దున దామోదర్ టై కట్టుకుంటుంటే, బయట కారు మీద మంచు దులపడానికి వెళ్ళిన మామగారు మంకీ క్యాప్‌తో లోపలికొచ్చారు.

"అల్లుడుగారూ, ఇయ్యాల ఇంట్ల ఉంటే ఎంత హాయిగ ఉంటదో చూడండి."

"ఆఫీసుకి వెళ్ళాలి మామయ్యగారూ."

"పోవచ్చు, పోవచ్చు. కారు మాత్రం మంచి ధ్యానంల ఉన్నది."

వంటింట్లోంచి జయంతి కేకేసింది. "బ్యాటరీ డెడ్ అయిందండీ. జంపర్ కేబుల్స్ తెచ్చుకోండి."

ఆ ఇంట్లో అదే ఏర్పాటు. కొండల్ రావుగారు పలుకుతారు, జయంతి అనువదిస్తుంది. పుట్టి పెరిగిన ఇంటి భాష కాబట్టి ఆమెకు తడుముకోవలసిన పనిలేదు. పప్పు రంగు తేలిందంటే మాడిందని. ఫలానా రావుగారి పాటలో ఎంతో ఓపిక ఉందంటే వినలేకపోయామని. ఎవర్నైనా "మంచి మనిషి" అన్నారంటే మాత్రం జయంతి చేతిలో పని ఆపి కంగారుగా చూసేది.

శుక్రవారం సాయంత్రం. దేవుడి దగ్గర దీపం వెలుగుతోంది. దామోదర్ తన ఆట తనే ఆడి చూసుకుంటున్నాడు. వెనక నించున్న కొండల్ రావుగారు తెర మీద అక్షరాలు దిగుతుంటే కూడబలుక్కుని చదివారు. "యూ... ఆర్... డెడ్." చదివి చెంపలు వేసుకున్నారు.

"శివశివా! దీపం పెట్టిన యాళ్ళ ఏందీ మాట? ఎవరికి చెప్తున్నది ఇది?"

"ఆడేవాళ్ళకి, మామయ్యగారూ. నౌక పేలిపోయాక వస్తుంది."

"పాపం ఆయన అసలే నౌక బాధల ఉంటడు గద. మీదికెళ్ళి ఇట్ల అంటరా? ఆ మాటలు నేను రాస్తనియ్యండి, అల్లుడుగారూ. ముప్ఫై ఏండ్లు ఇదే పని చేసిన."

వద్దని చెప్పడానికి దామోదర్ నోరు తెరిచాడు. ఎదురుగా పిల్లనిచ్చిన మామగారు. ఎంత పొదుపరి అయినా, ఆయన ముందు "వద్దు" అనే రెండక్షరాలు ఖర్చు పెట్టే ధైర్యం అతనికి లేకపోయింది. ఆట మాటలన్నీ ఉన్న ఫైలు తెరిచి, కుర్చీ ఖాళీ చేశాడు.

కొండల్ రావుగారు రెండు వేళ్ళతో, సాఫీగా, రైల్వే ఇంగ్లీషులో రాసుకుంటూ పోయారు. ఇంధనం అడుగంటినవాడికి: "గౌరవనీయులైన కెప్టెన్ గారికి విన్నపం. తమ ట్యాంకు ప్రస్తుతం ఎంతో తేలికగా ఉన్నది." దారిలో దొంగలు కాచుకుని ఉంటే: "ముందు మార్గంలో కొందరు పెద్దమనుషులు తమ దర్శనం కోసం ఆత్రంగా ఎదురుచూస్తున్నారు." అది చదివి కెప్టెన్లు ఉత్సాహంగా వెళ్ళి ఆ పెద్దమనుషుల్ని కలుసుకునేవారు. నౌక పేలిపోయాక: "తమ నౌక విశ్రాంతి తీసుకొనుచున్నది. సిబ్బంది అందరికీ టీ ఇవ్వబడినది. తాము ఏమాత్రం విచారించవలదు. ఇట్లు, స్టేషన్ మాస్టర్." కాజీపేటలో ఎన్నడూ దక్కని ప్రమోషన్‌ని ఆయన అంతరిక్షంలో తనకు తానే ఇచ్చుకున్నారు.

అసలు చిక్కు ఇంకోటుంది. ఆ రోజుల్లో తెర మీద ఒక్కో అక్షరం వచ్చేసరికి ప్రాణం విసిగేది. నౌక మీద దెబ్బ పడుతుంది. బతికామా లేదా అని కెప్టెన్ గుడ్లప్పగించి చూస్తుంటాడు. తెర మీద "గౌ... ర... వ... నీ... యు..." అని మొదలవుతుంది. సమాచారం చేరేలోపల మరో రెండు దెబ్బలు పడేవి.

ఆదివారం ఫోన్ మోగింది. టొలీడో అనే ఊరి నుంచి ఆట ఆడే ఓ పళ్ళ డాక్టరు. తన నౌక ఎప్పుడు నిద్ర లేస్తుందని అడుగుతున్నాడు. నిన్న సాయంత్రం నుంచి ఎడమకి తిప్పమనీ కుడికి తిప్పమనీ ఆజ్ఞలిస్తూనే ఉన్నాడట.

"అది... లేవదు సార్" అన్నాడు దామోదర్.

"అంటే?"

"ధ్వంసమైంది."

"ధ్వంసమైందా! మరి మా వాళ్ళకి టీ ఇచ్చామన్నారు?"

"ఇచ్చారు సార్."

"నౌక లేకుండా టీ ఎక్కడ కూర్చుని తాగారు?"

సృష్టికర్త కనుక్కుని చెప్తానన్నాడు. ఫోన్ పెట్టేసి, మామగారి దగ్గరికెళ్ళి, అరగంట గొంతు సవరించుకుని, "మామయ్యగారూ, నౌక పేలిపోయిందని వాళ్ళకి అర్థమయ్యేలా ఒక్క మాట..." అని నసిగాడు. కొండల్ రావుగారు తప్పకుండా అన్నారు. భోజనం మానేసినంత పని చేసి ఆలోచించారు. మర్నాటికల్లా కొత్త వాక్యం సిద్ధమైంది. "తమ నౌక ఇప్పుడు చాలా విశాలమైన ప్రదేశంలో వ్యాపించి ఉన్నది."

"ఇంతకంటె విప్పి చెప్తే బాగుండదు" అన్నారాయన.

జయంతి నవ్వలేక కడుపు పట్టుకుని కింద కూర్చుంది. దామోదర్‌కి నవ్వు రాలేదు. వసంతం దగ్గర పడుతోంది, పంప్‌కిన్ పై కళ్ళ ముందు కనిపిస్తోంది. ధైర్యం చేసి మామగారిని పక్కకి తప్పించాలి. ఎలా? "మీరు రాసేది బాగాలేదు" అనడానికి నాలుగైదు రకాలుగా ప్రయత్నించాడు. "మీ కళ్ళకి శ్రమేమో" అన్నాడు. "చూపు బ్రహ్మాండంగ ఉన్నది" అన్నారాయన. "మీరు టీవీ చూడొచ్చు కదా" అన్నాడు. "ఇదే మంచి కాలక్షేపం" అన్నారాయన.

"మీరు అచ్చం నాన్నలాగే మాట్లాడుతున్నారు" అంది జయంతి. దామోదర్ రెండు రోజులు భార్యతో సరిగా మాట్లాడలేదు. అతను సరిగా మాట్లాడే రోజులకీ దీనికీ పెద్ద తేడా లేకపోవడంతో ఆమె గమనించలేదు.

జనవరి నెలాఖరులో ఒక సాయంత్రం దామోదర్ ఆఫీసు నుంచి వచ్చేసరికి కొండల్ రావుగారు ఎదురొచ్చి కోటు అందుకున్నారు.

"ఆ గ్లోరియమ్మ ఫోన్ చేసింది, అల్లుడుగారూ. మీ గేమ్ గురించి మస్తుసేపు మాట్లాడింది."

"ఏమన్నారు?" అన్నాడు దామోదర్ గుండె చిక్కబట్టుకుని.

"మీరంటే మంచి గౌరవం ఉన్నది. మంచి మనిషి."

దామోదర్ మొహం విప్పారింది. ఆ రోజు అతను రెండుసార్లు అన్నం వడ్డించుకున్నాడు. జయంతి మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నాన్న మంచి మనిషి అన్నాడంటే నాకు భయంగా ఉందండీ. ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి."

"నీకన్నీ అనుమానాలే" అన్నాడు దామోదర్. పొగిడిన మాటని ఎవరు మాత్రం తిరగేసి చూసుకుంటారు?

మార్చి వచ్చింది. రోడ్ల పక్క మంచు నల్లబడి కరగడం మొదలైంది. గౌరవం ఎంత ఉన్నా గడువు గడువే కాబట్టి, గ్లోరియా నుంచి పిలుపు రాకముందే తనే వెళ్ళి కలవాలని దామోదర్ నిశ్చయించుకున్నాడు. ఒక పూట సెలవు పెట్టి సౌత్‌ఫీల్డ్‌కి డ్రైవ్ చేశాడు. దారి పొడుగునా చెప్పబోయే మాటలు వల్లె వేసుకున్నాడు. ఆ పిచ్చి మాటలు నావి కావు. మా మామగారివి. పెద్దాయన, కాదనలేకపోయాను. వచ్చే నెల ఆయన ఇండియా వెళ్ళిపోతారు. అప్పుడు నా మాటలు నేను మళ్ళీ పెట్టేస్తాను. గేమ్ తీసెయ్యకండి. అతను వల్లె వేసుకున్న ప్రసంగం సారాంశం ఇంతే. మామగారిని గ్లోరియా ముందుకు తోసి తను వెనక దాక్కోవడం. ఎర్రలైటు దగ్గర అద్దంలో తన మొహం చూసుకున్నప్పుడు మాత్రం కొంచెం సిగ్గేసింది. పచ్చలైటు పడగానే సర్దుకుంది.

గ్లోరియా అతను చెప్పిందంతా ఓపిగ్గా విని, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మీ మాటలు మళ్ళీ పెడతారా? దయచేసి ఆ పని చెయ్యకండి."

"అదేమిటి? మీకు కంప్లయింట్లు..."

"మొదట్లో బోలెడు వచ్చాయి. అందుకే జనవరిలోనే గేమ్ ఆపేద్దామని నిర్ణయం తీసుకున్నాం. మీ ఇంటికి ఫోన్ చేసి స్టేషన్ మాస్టర్‌కి చెప్పాను కదా!"

దామోదర్ కుర్చీ చేతులు పట్టుకున్నాడు. "ఆపేస్తున్నామనే చెప్పారా?"

"ఆ మాటే చెప్పాను. ఆయన నన్ను భోజనం చేశావా అని అడిగారు. చెయ్యలేదన్నాను. ఎందుకని అడిగారు. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆస్పత్రికి తిప్పుతున్నానన్నాను. నువ్వుల నూనె వేడి చేసి రాయమన్నారు. ఒక్కసారి కూడా నన్ను కాదనలేదు దామోదర్, ప్రతిదానికీ అవుననే అన్నారు. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే వసంతం దాకా ఆగుతానని నేను మళ్ళీ మాటిచ్చినట్టు తేలింది. ఎలా ఇచ్చానో ఇప్పటికీ తెలీదు."

"మరి జనం?"

"తిరిగొస్తున్నారు. నౌక పోయిన ప్రతివాళ్ళకీ మర్నాడు స్టేషన్ మాస్టర్ నుంచి కబురొస్తుంది. పేరు పేరునా. మీ కోసం రేవులో చోటు ఉంచాం, ఈసారి మూడో స్టేషన్ మీదుగా వెళ్ళండి, ఆ పక్క ఆత్రపడే పెద్దమనుషులు తక్కువ అని. మీరు రాయిస్తున్నారేమో అనుకున్నాను! టొలీడో డాక్టరు అయితే రోజూ వచ్చి, తన రోగుల్ని కూడా చేర్పిస్తున్నాడు. పన్ను పీకాలని చెప్పడానికి ఇప్పుడాయన 'ఈ పన్ను విశ్రాంతి కోరుతోంది' అంటాడట. వంటలకి వేరే చోటు చూశాను. మీ గేమ్ ఉంటుంది."

గేమ్ ఉంటుంది. ఇన్ని నెలలుగా ఆ మాట కోసం ఎదురుచూసినవాడు, అది చెవిన పడగానే ఎగిరి గంతెయ్యాలి. దామోదర్‌కి మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. జనవరి నుంచి తను రెండేసి సార్లు అన్నం తింటూ, కంటి నిండా నిద్రపోతూ, మధ్యాహ్నాలు ఆ పెద్దాయన ఏం చేస్తున్నాడో ఒక్కరోజు కూడా అడగలేదు. పైగా ఇందాక దారిలో ఆయన మీద చాడీలు వల్లె వేసుకుంటూ వచ్చాడు. ఇంతకన్నా బుద్ధిమంతుడైన అల్లుడు కాజీపేటకి దొరకడం కష్టం.

ఆఫీసుకి వెళ్ళకుండా కారు తిన్నగా ఇంటికి తిప్పాడు. పట్టపగలు అతను తన ఇల్లు చూసి చాలా కాలమైంది. జయంతి పనికి వెళ్ళింది. లోపల కొండల్ రావుగారు స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, మంకీ క్యాప్‌తో, కంప్యూటర్ ముందు కూర్చుని రెండు వేళ్ళతో టైపు చేస్తున్నారు. పక్కన ఉప్మా గిన్నె చల్లారిపోయి ఉంది.

"అయ్యో, అల్లుడుగారూ! ఇంత పెందలాడే వచ్చిండ్రు, ఆఫీసు వాళ్ళు ఏమన్న... మంచి మాట చెప్పిండ్రా?"

తన ఉద్యోగం ఊడిందేమోనని ఆయన భయపడుతున్నారని దామోదర్‌కి అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. "ఉద్యోగం ఉంది మామయ్యగారూ. గ్లోరియాని కలిసొచ్చాను. గేమ్ తీసేస్తున్నామని ఆవిడ జనవరిలోనే చెప్పిందట. నాకెందుకు చెప్పలేదు?"

"గేమ్ ఉన్నది గద."

"తీసేస్తామన్నారు కదా!"

"అన్నరు, అన్నరు" అన్నారాయన. "కాజీపేటల బండి అందనోళ్ళు నా కిటికీ కాడికి ఉరికొచ్చెటోళ్ళు. బండి సంగతి వాళ్ళకు ఎరుకనే గద. కండ్లార బండి తోక చూసే వచ్చెటోళ్ళు. మళ్ళ నేను చెప్పేదేంది? ఇంకో బండి వచ్చేదాంక మనిషి కూలబడకుండ మాటల్ల పెట్టాలె. మీరు ఆ పొద్దు మస్తు అలిసి వచ్చిండ్రు. మాటల్ల పెట్టిన. అంతే."

సరిగ్గా ఇలాంటి సందర్భాల్లో మనిషికి నాలుగు మంచి మాటలు కావాలి. జీవితమంతా పొదుపు చేసినవాడి దగ్గర తీరా చూస్తే ఒక్కటీ లేదు. "థాంక్స్" అన్నాడు. పొట్టిగానే వచ్చింది కానీ మనసారా వచ్చింది.

అంతలో కంప్యూటర్ తెర మీద అక్షరాలు దిగాయి. "బ్లూబెర్రీ" అనే నౌక. ఎవరో కొత్త కెప్టెన్, ఈ రోజే చేరినట్టుంది. మొదటి ప్రయాణంలోనే దొంగల చేతికి చిక్కింది. స్టేషన్ మాస్టర్ వాక్యాలన్నీ వచ్చేశాక, అవతలి మనిషి టైపు చేస్తున్న మాటలు కనిపించాయి. "నాకు ఇవన్నీ చేతకావనుకుంటా. వెళ్ళిపోతున్నాను."

కొండల్ రావుగారు లేచి నించుని, కుర్చీ అల్లుడి వైపు జరిపారు. "మీరు రాయండి. నేను వచ్చే నెల ఊరికి పోయి వస్త. నా తర్వాత ఎవరన్న చూసుకోవాలె గద."

దామోదర్ కూర్చున్నాడు. గ్రహాల్ని సృష్టించినప్పుడు కూడా ఇంత కంగారు పడలేదు. చాలాసేపు ఆలోచించి, అలవాటు లేని పొడుగు వాక్యాలు పోగేసి, ఓటమి అనేది విజయానికి అవసరమైన సమాచారమనీ, గణాంకాల ప్రకారం రెండో ప్రయాణంలో బతికే అవకాశం ఎక్కువనీ ఓ పేరా తయారుచేశాడు. పంపే ముందు వెనక్కి తిరిగి మామగారి మొహం చూశాడు.

కొండల్ రావుగారు కళ్ళద్దాలు పైకి తోసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. మళ్ళీ చదివారు. దగ్గారు.

"అక్షరాలు మంచి గుండ్రంగ వచ్చినయ్, అల్లుడుగారూ."

అక్షరాల్ని గుండ్రంగా వేసింది కంప్యూటరు. దామోదర్‌కి ఈసారి అనువాదం అవసరం పడలేదు. ఫక్కున నవ్వేసి, పేరా మొత్తం చెరిపేశాడు.

"మళ్ళీ రాస్తాను."

"రాయండి, రాయండి. తొందరేమున్నది?"

తొందర ఉంది. అవతల మనిషి ఫోన్ పెట్టేస్తే ఇక రాదు. దామోదర్ ఇంకేం ఆలోచించకుండా టైపు చేశాడు. "కెప్టెన్, భోజనం చేశారా?"

మామా అల్లుళ్ళిద్దరూ తెర మీదికి వంగి చూశారు. తర్వాత ఒక్కో అక్షరం నింపాదిగా దిగింది. "ఇంకా లేదు. మీరు అడిగాక ఆకలి గుర్తొచ్చింది. తినేసి వస్తాను. ఇంకో నౌక ఇస్తారా?"

"ఇస్తాం. రేవులో చోటు ఉంచుతాం" అని రాశాడు దామోదర్. కింద సంతకం ఏం చెయ్యాలో తెలియక, "స్టేషన్ మాస్టర్ గారి అల్లుడు" అని పెట్టాడు.

కొండల్ రావుగారు భుజం తట్టారు. "ఇప్పుడు బాగున్నది" అన్నారు.

దామోదర్ పొంగిపోబోయి ఆగాడు. ఆ బాగున్నది అనే మాటకు అసలు అర్థం ఏమిటో సాయంత్రం జయంతి రాగానే కనుక్కోవాలనుకున్నాడు.